క్లౌ దొర – ఆయన సహవిశ్వాసులు

ఒంగోలు చరిత్రలో జాన్ ఎవరెట్ క్లౌ పేరు చెరగనిది. ప్రజలు ఆయనను క్లౌ దొర అని పిలిచేవారు. ఆయన 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూములను కొలిచే బృందంలో పనిచేశారు. నేలను కొలవడంలో గడించిన ఆ అనుభవం ఇరవై ఏళ్ళ తరువాత ఆకలితో అలమటించే వేలాది తెలుగువారికి అక్కరకు వస్తుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

క్లౌ 1865లో నెల్లూరు చేరారు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ అప్పటికి పాతికేళ్ళుగా అక్కడ ఉన్నా ఫలితం స్వల్పం. దానిని మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. లైమన్ జూయెట్ అనే మిషనరీ పట్టుదల వల్లనే అది నిలిచింది. 1866లో క్లౌ కుటుంబంతో ఒంగోలుకు మకాం మార్చారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే.

క్లౌ జీవితాన్ని మలుపు తిప్పిన వ్యక్తి యెర్రగుంట్ల పేరయ్య. ఆయన ఒంగోలుకు పడమట సుమారు నలభై మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడు వాసి, మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. అంతకు పూర్వమే గురువులను ఆశ్రయించి యోగమార్గాన్ని సాధన చేసిన జిజ్ఞాసువు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందారు. ఊరికి తిరిగివెళ్ళి, తాను నమ్మినదాన్ని బంధుమిత్రులకు, ఒకే గురుమార్గంలో నడిచిన తోటివారికి చెప్పసాగారు. ఎందరో విశ్వసించారని ఆయన చెప్పగా 1867 జనవరిలో క్లౌ బయలుదేరి వెళ్ళారు. కొన్ని రోజులకు సరిపడే తిండి మూటగట్టుకొని వచ్చిన జనం అక్కడ ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. వారిలో ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. ఒక్క జీతగాడైనా లేని ప్రాంతంలో ఒక మనిషి మాట మీద విశ్వాసంతో ఇంతమంది కూడారంటే, పేరయ్య నడవడి ఎటువంటిదో ఊహించవచ్చు.

ఇక్కడే క్లౌకు పరీక్ష ఎదురైంది. ఒంగోలులో అగ్రవర్ణాలవారు కొందరు ఆయనతో స్నేహంగా ఉండేవారు. అంటరానివారని సమాజం దూరం పెట్టినవారిని చేర్చుకుంటే వారు దూరమవుతారు. దంపతులిద్దరూ మథనపడ్డారు. చివరికి పేరయ్య వర్గం వారికే తలుపు తెరిచారు.

1876–78 నాటి మహాకరవులో ఈ బంధానికి గట్టిపరీక్ష వచ్చింది. కరవు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగుతున్నది. అక్కడ పైవారి దౌర్జన్యానికి వెరచి మాదిగలు పనికి వెళ్ళడానికి జంకారు. అందుచేత క్లౌ స్వయంగా మూడున్నర మైళ్ళ కాలువ కాంట్రాక్టు తీసుకున్నారు. పాత సర్వే విద్య అప్పుడు పనికివచ్చింది. అయితే కొలతలు తెలిసినంత మాత్రాన వేలమంది కూలీలను నడపడం సాధ్యం కాదు. కూలి డబ్బు పేదవాని చేతికి పూర్తిగా చేరాలంటే నమ్మకస్థులు కావాలి. క్లౌ తన బోధకులనే పర్యవేక్షకులుగా నియమించారు. పగలంతా వారు మన్ను తవ్వించేవారు, విశ్రాంతి వేళల్లో కూలీల పక్కన కూర్చొని మాట్లాడేవారు. శిబిరంలో కలరా సోకినప్పుడూ పని ఆగలేదు.

కరవుకాలంలో ఎందరో బాప్తిస్మం అడిగారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. ఇక సహాయం అందదని తెలిసిన తరువాత కూడా జనం తగ్గలేదు. అయినా ఇంతమందిలో ఎవరి విశ్వాసం నిజమో ఒక్క మనిషి తేల్చగలడా? ఏ ఊరివారిని ఆ ఊరు ఎరిగిన బోధకులు పరిశీలించి, మంచిచెడ్డలు విచారించి పేర్లు చెప్పారు. క్లౌ వారి మాటను నమ్మారు. 1878 జూలై 2, 3, 4 తేదీలలో ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 3,536 మంది బాప్తిస్మం పొందారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి ఇచ్చారు. క్లౌ ఒక్కరికైనా స్వయంగా ఇవ్వలేదు. ఈ సంఖ్యలను చూసి శంకించిన తోటి మిషనరీలు లేకపోలేదు. ఆ శంక అసమంజసమని కూడా అనలేము. కరవు అన్ని ఉద్దేశాలనూ కలిపివేస్తుంది.

1910 నవంబరు 24న క్లౌ అమెరికాలోని రోచెస్టర్‌లో మరణించారు. తన జీవితకథను ఆయన చివరి రోజులలో భార్య ఎమ్మాకు చెప్పగా ఆమె గ్రంథస్థం చేశారు. అది 1914లో వెలువడింది. ప్రపంచం ఆయనను ఆ మూడు రోజుల సంఖ్యలతో గుర్తుంచుకున్నది. ఆయన మాత్రం తన పనికి మొదలు ఎక్కడని చెప్పవలసి వచ్చినప్పుడు తాళ్ళకొండపాడును, పేరయ్యను కృతజ్ఞతతో తలచుకున్నారు.