విష్ణు సీతారామ సుక్థంకరు: సాక్ష్యములను తూచిన జీవితము

పరిశోధకుడు తన విషయమును గూర్చి పూర్వులు వ్రాసినదంతయు చదువవలెననుట అందఱు నెఱిగినదే. చదివినదానిని తూచు విధము నేర్చుట మాత్రము కష్టము. పదిమంది ఒకే మాట చెప్పినచో ఆ మాటకు పది సాక్ష్యములున్నవని తోచును. కాని ఆ పదిమందిలో తొమ్మండుగురు పదవవానిని చూచి వ్రాసినవారైనచో, ఉన్న సాక్ష్యము ఒక్కటియే. ఈ చిన్న సూత్రమును మహాభారతమంతటి మహాగ్రంథమునకు అన్వయించి, ఆ కార్యమునకే తన జీవితములోని చివరి పదునేడేండ్లను వెచ్చించిన పండితుడు విష్ణు సీతారామ సుక్థంకరు.

ఆయన 1887వ సంవత్సరము మే 4వ తేదీన జన్మించెను. బొంబాయిలో చదువుకొని, పిదప ఇంగ్లండునకేగి కేంబ్రిడ్జిలో గణితశాస్త్రము నభ్యసించెను. అటుపిమ్మట బెర్లిన్ చేరి, హైన్రిఖ్ ల్యూడర్స్ అను ఆచార్యుని శిష్యుడై, శాకటాయన వ్యాకరణమును గూర్చిన సిద్ధాంతవ్యాసముతో డాక్టరు పట్టమును బడసెను. గణితము వలన అలవడిన క్రమబుద్ధియు, జర్మన్ విద్యాలయములలో నేర్చిన గ్రంథపరిష్కరణ పద్ధతియు ఆయన తరువాతి జీవితమునకు రెండు ఆధారములైనవి.

ఆ గురువునకు మహాభారతముతో పూర్వసంబంధము కలదు. 1897లో ప్యారిస్ నగరమున జరిగిన ప్రాచ్యవిద్వత్సభలో వింటర్నిట్జ్ పండితుడు భారతమునకు సంశోధిత ప్రతి అత్యావశ్యకమని ప్రతిపాదించెను. 1908లో ల్యూడర్స్ ఆదిపర్వములోని కొన్ని శ్లోకములకు మచ్చుప్రతి సిద్ధపరచెను. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి ఆ ప్రయత్నము నిలిచిపోయినది. ఐరోపాలో ఆగిన పని పూనా నగరమున తిరిగి ఆరంభమైనది. 1917లో అచట భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థ వెలసినది. ఔంధు సంస్థానాధీశుడు ధనసహాయమునకు ముందుకు రాగా, 1919 ఏప్రిల్ 1వ తేదీన రామకృష్ణ గోపాల భండార్కరు పాఠసంకలన కార్యమును ప్రారంభించెను. 1923లో ఉత్గీకరు విరాటపర్వమును పండితుల యభిప్రాయము కొఱకు మచ్చుగా ప్రకటించెను.

సుక్థంకరు స్వదేశమునకు వచ్చి పురావస్తుశాఖలో కొంతకాలము పనిచేసి, శాసనములను పరిష్కరించెను. భాసుని పేర వెలువడిన నాటకములను గూర్చి వ్యాసములు రచించెను. 1925 ఆగస్టులో మహాభారత ప్రధాన సంపాదకత్వము ఆయనకు లభించినది. అప్పటికాయన వయస్సు ముప్పదియెనిమిదేండ్లు.

ఆదిపర్వమునకు నాడు తెలియవచ్చిన వ్రాతప్రతులు 235. అందు దేవనాగరి ప్రతులు 107, వంగలిపి ప్రతులు 32, గ్రంథలిపి ప్రతులు 31, తెలుగు ప్రతులు 28, మలయాళ ప్రతులు 26, నేపాల ప్రతులు 5, శారద ప్రతులు 3. మైథిలి, కన్నడ, నందినాగరి లిపులలో ఒక్కొక్కటి. వీనిలో సుమారు 70 ప్రతులను పరీక్షించి, 60 ప్రతులను పాఠనిర్ణయమునకు వినియోగించిరి. పూనాలోనే గాక శాంతినికేతనమునందును, తంజావూరు సరస్వతీమహలునందును పాఠములను పోల్చు పని జరిగినది. శ్లోకమును కాగితముపై గడులలో వ్రాసి, దాని క్రింద ఒక్కొక్క ప్రతిలోని భేదమును గుర్తించుట వారి పద్ధతి.

పాఠభేదములు పోగైన పిదప అసలు చిక్కు మొదలైనది. అధికసంఖ్య ననుసరించినచో దేవనాగరి ప్రతులదే పైచేయి కావలెను. సుక్థంకరు అట్లు చేయలేదు. దేవనాగరి దేశమందంతటను చెల్లుబడియైన లిపి. ఆ లేఖకులకు అన్ని ప్రాంతముల పాఠములును అందుబాటులో నుండుటచే, వారి ప్రతులలో నానావిధ పాఠములు కలగలసిపోయినవి. 17వ శతాబ్దివాడగు నీలకంఠుని వ్యాఖ్యతో కూడిన ప్రతులు ఎన్ని యున్నను అవి నీలకంఠుడు గ్రహించిన పాఠమునకే సాక్ష్యములు. శారద ప్రతులు మూడే యైనను, అవి కాశ్మీరమున ఇతర పాఠముల కలయిక అంతగా లేక నిలిచినవి. పైగా వాని పాఠము సంక్షిప్తము. కాశ్మీరపు ప్రతియు కేరళపు ప్రతియు ఒక పాఠమున ఏకీభవించినచో, అంత దూరమున నున్న లేఖకులు ఒకరినొకరు చూచి వ్రాసిరనుట పొసగదు. కావున ఆ పాఠము రెండు శాఖలును చీలకముందు ఉండినదని ఊహించుట యుక్తము. ఒక శాఖయందే కనవచ్చు కథ తరువాత చేరినదని అనుమానింపదగును. ఇట్లు ఆయన ప్రతుల సంఖ్యను గాక, వాని పరస్పర స్వాతంత్ర్యమును ప్రమాణముగా గైకొనెను.

తెలుగు ప్రతుల విషయమునను ఆయన దృష్టి ఇట్టిదే. అవి విస్తృతమైన దాక్షిణాత్య పాఠమునకు చెందినవి. ఐనను వానిలోను గ్రంథలిపి ప్రతులలోను ఔత్తరాహ పాఠముల ప్రభావము కలదనియు, దాక్షిణాత్య పాఠమునకు మలయాళ ప్రతులే మేలైన సాక్ష్యములనియు ఆయన నిర్ణయించెను. తెలుగుదేశము నుండి ఆయనకు లభించిన మఱియొక సాక్షి నన్నయభట్టు. రాజరాజనరేంద్రుని ఆస్థానమున 11వ శతాబ్దిలో వెలసిన ఆంధ్రీకరణము నేడు మనకు దక్కిన దాక్షిణాత్య ప్రతులకంటె ప్రాచీనము. క్షేమేంద్రుని భారతమంజరిని, ప్రాచీన జావా భాషలోని భారతమును వలెనే దీనిని గూడ ఆయన సాక్ష్యముగా స్వీకరించెను. కాని నన్నయ కవి. మూలమును కుదించుటకును, మార్చుటకును స్వతంత్రుడు. అందుచే ఒక కథ నన్నయ భారతమున నున్నచో అది ఆనాటికి తెలుగునాట తెలిసినదేయని చెప్పవచ్చును గాని, లేనంతమాత్రమున మూలమునను లేదనరాదు. ఒక్కొక్క పదము యొక్క పాఠమును అనువాదము నుండి నిశ్చయించుట అంతకంటె కష్టము. సాక్షి ఎంత ప్రాచీనుడైనను, ఏ విషయమున సాక్ష్యమీయగలడో ముందు నిర్ణయింపవలెను.

1933లో ఆదిపర్వము విపులమైన ఉపోద్ఘాతముతో సంపూర్ణమైనది. వ్యాసుడు చెప్పగా గణపతి వ్రాసెనను కథ మూలపాఠమునుండి తొలగి అనుబంధమునకు చేరినది. బాల్యమునుండి ఆ కథను వినుచు పెరిగిన దేశమునకు ఇది చిన్న విషయము కాదు. ఐనను సుక్థంకరు దేనిని పారవేయలేదు. తొలగించిన ప్రతి పంక్తియు అధోజ్ఞాపికలలోనో అనుబంధములోనో, ఏయే ప్రతులలో నున్నదో ఆ వివరముతో, పాఠకుని ముందు నిలిచినది. పాఠము సందేహాస్పదమైన చోట అక్షరముల క్రింద అలలవంటి గీత నుంచెను. ఊహతో పాఠమును సవరించుట మిక్కిలి అరుదు. తాను ముద్రించినది వ్యాసుని స్వహస్తలిఖితమని ఆయన ఎన్నడును చెప్పలేదు. దొరకిన ప్రతుల యాధారమున చేరగలిగినంత ప్రాచీనరూపమే తన గమ్యమని స్పష్టపరచెను. నీలకంఠుని పాఠమునే ముద్రించి పాఠభేదములను క్రింద చూపిన చాలునని ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ సూచింపగా, ఆ పాఠము అర్వాచీనమును మిశ్రమమును అగుటచే ప్రమాణము కాజాలదని కారణములతో సమాధానమిచ్చెను.

ఈ నిర్ణయములకు పరీక్ష త్వరలోనే వచ్చినది. ఆదిపర్వము వెలువడిన పిదప నేపాల రాజగురువు హేమరాజ పండితుని వలన ఒక ప్రాచీన ప్రతి వెలుగులోనికి వచ్చినది. సుక్థంకరు దానిని తన పాఠముతో పోల్చి, ఫలితమును ప్రత్యేకవ్యాసముగా ప్రకటించెను. ఆయన నిర్ణయములను ఆ ప్రతి చాలవఱకు బలపరచినది. తన వద్దలేని సాక్ష్యము పిమ్మట వచ్చి తన మాటను సమర్థించుట సంపాదకునకు అరుదుగా లభించు భాగ్యము.

ఆయన సిద్ధాంతములన్నియు అట్లే నిలువలేదు. భారతము ప్రస్తుతరూపము దాల్చుటలో భృగువంశీయుల చేయి కలదని 1936లో ఆయన చేసిన ప్రతిపాదనను తరువాతి పండితులలో పలువురు ఆక్షేపించిరి. నోట నోట ప్రవహించిన ఇతిహాసమునకు ప్రతుల వంశవృక్షము ఎంతవఱకు చెల్లునను ప్రశ్నయు మిగిలియున్నది. ఆక్షేపించువారు సైతము ఆయన సమకూర్చిన పాఠభేదములనే ఆధారముగా గొనుచుండుట గమనింపదగినది.

అరణ్యపర్వమును గూడ స్వయముగా పరిష్కరించి 1942 నాటికి ముగించెను. పిదప బొంబాయి విశ్వవిద్యాలయము పక్షమున భారతతాత్పర్యమును గూర్చి నాలుగు ఉపన్యాసముల కుపక్రమించెను. మొదట పూర్వవిమర్శకుల మతములను పరీక్షించెను. భారతమును పొరలు పొరలుగా విడదీసిన హాల్ట్‌స్మన్, హాప్కిన్సుల మార్గమును, అది ఏకకర్తృకమని వాదించిన డాల్మన్ మార్గమును వివరించి, వాని బలాబలములను నిరూపించిన పిమ్మటనే తన వ్యాఖ్యానమునకు పూనుకొనెను. మూడు ఉపన్యాసములు జరిగినవి. నాలుగవది చదువకమునుపే, 1943 జనవరి 21వ తేదీన, ఏబదియైదవ యేట ఆయన హఠాత్తుగా మరణించెను. ఆ ఉపన్యాసములు 1957లో గ్రంథరూపమున వెలువడినవి.

శ్రీపాద కృష్ణ బెల్వల్కరు, పరశురామ లక్ష్మణ వైద్య ఆయన స్థానమున నిలిచి పని సాగించిరి. 1966లో పదునెనిమిది పర్వముల సంశోధన ముగిసినది. సుక్థంకరు ఆ దినమును చూడలేదు. ఆయన సందేహించిన అక్షరముల క్రింది అలల గీతలు మాత్రము ఆ పుటలలో నేటికిని ఉన్నవి. రాబోవు పరిశోధకుడు ఎచ్చట తిరిగి ప్రారంభింపవలెనో అవి చూపుచున్నవి.