ద్వారము వేంకటస్వామినాయుడుగారు

ప్రసిద్ధ వాయులీన విద్వాంసులగు ద్వారము వేంకటస్వామినాయుడుగారు 1893లో బెంగుళూరున జన్మించిరి. బాల్యముననే చూపు మందగించుటచే వారి బడిచదువు ఆగిపోయెను. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారు తమ్మునకు ఫిడేలు నేర్పిరి.

వీణకువలె ఫిడేలునకు మెట్లు లేవు. స్వరస్థానమును చెవి గుర్తింపవలెను; వ్రేలు దాని ననుసరింపవలెను. కావుననే క్రొత్తగా నేర్చువారు మాయామాళవగౌళ రాగమున సరళీస్వరములను శ్రుతి తప్పక, మూడు కాలములలో, విసుగులేక సాధన చేయుదురు. ఈ విద్యకు వలయు సూక్ష్మమైన చెవి ఆ బాలునకు కలదు.

1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. అందు విద్యార్థిగా చేరవచ్చిన నాయుడుగారి వాదనమును విని, పెద్దలు వారిని ఆచార్యునిగనే నియమించిరి! అప్పటికి వారికి 30 ఏండ్లయినను నిండలేదు. 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1964లో దివంగతులైరి.