ఒకే కొండ, ఒకే మనిషి



మీ పిల్లల నోట్‌బుక్ చివరి పేజీలో సగం గీసి వదిలేసిన కొండ బొమ్మ ఎప్పుడైనా కనిపించిందా? కోప్పడే ముందు పాల్ సెజాన్ గురించి వినండి.

ఈ చిత్రకారుడు 1839లో దక్షిణ ఫ్రాన్స్‌లో, ఎక్స్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి టోపీల వ్యాపారంతో మొదలుపెట్టి బ్యాంకు యజమాని అయ్యారు. కొడుకు లాయరు కావాలన్నారు. సెజాన్ లా చదువు మధ్యలో వదిలేసి, 1861లో పారిస్ వెళ్లారు. అక్కడి పేరున్న ఆర్ట్ కాలేజీలో సీటు రాలేదు. కొన్నాళ్లు ఇంటికొచ్చి తండ్రి బ్యాంకులో కూర్చున్నారు, మళ్లీ వెళ్లిపోయారు. తండ్రికి నచ్చలేదు. అయినా డబ్బు పంపుతూనే ఉన్నారు. (ఈ తండ్రి మనకు తెలిసినవారే అనిపించడం లేదూ?)

సెజాన్ తొలి సొంత ప్రదర్శన 1895లో జరిగింది. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు. తండ్రి పోయి తొమ్మిదేళ్లు.

ఊరి దగ్గరి సాంత్ విక్త్వార్ కొండనే ఆయన పదుల సార్లు వేశారు. చివరి ఏళ్లలో వేసిన నీటిరంగుల బొమ్మలు పిల్లలతో కలిసి చూడండి. తెగీతెగని పెన్సిల్ గీతలు, అక్కడక్కడా పలచటి నీలం, ఆకుపచ్చ. మిగతాదంతా తెల్ల కాగితమే. ఒక బొమ్మలో కొండ నిబ్బరంగా కూర్చుంటుంది, ఇంకోదాంట్లో గాలిలో కరిగిపోతున్నట్టు ఉంటుంది. రంగు వేయకుండా వదిలిన చోటే ఎండ కాస్తుంది.

1906 అక్టోబరులో ఆరుబయట బొమ్మ వేస్తుంటే గాలివాన పట్టుకుంది. తడిసి పడిపోయిన 67 ఏళ్ల మనిషిని ఇంటికి చేర్చారు. మర్నాడు లేచి మళ్లీ కుంచె పట్టారు. కొద్ది రోజులకే కన్నుమూశారు.