మూడు లైన్ల రైఫిల్

పబ్జీ ఆడినవాళ్ళకి మోసిన్ నాగాంట్ అంటే స్నైపర్ రైఫిల్. ఆ పేరులో ఉన్నది ఇద్దరు పోటీదారులని నాకు ఈమధ్యే తెలిసింది. అందులో మోసిన్ కథ మన మెకానికల్ వాళ్ళకి తప్పక చెప్పాలనిపించింది.

సెర్గేయ్ మోసిన్ 1849లో రష్యాలోని వొరోనెష్ ప్రాంతంలో పుట్టాడు. ఫిరంగిదళ అకాడమీలో చదువు ముగించి, 1875లో తూలా ఆయుధ కర్మాగారంలో చేరాడు. అప్పటి రష్యా సైనికుడిది బెర్డాన్ తుపాకీ. ఒక తూటా పేల్చడం, ఇంకోటి పెట్టుకోవడం, అంతే. దానికి మ్యాగజీన్ ఎలా అమర్చాలా అని మోసిన్ ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు.

ఇంకో తంటా కూడా ఉంది. తూలాలో వర్వారా అనే ఆవిడని ప్రేమించాడు. ఆవిడకి అప్పటికే పెళ్ళయింది. విడాకులివ్వడానికి భర్త 50,000 రూబుళ్ళు అడిగాడట! కెప్టెన్ జీతంతో అది అయ్యే పనేనా? మోసిన్ అతన్ని ద్వంద్వయుద్ధానికి పిలిచి, గృహనిర్బంధం పాలయ్యాడు.

ఇంతలో కొత్త రైఫిల్ కోసం సైన్యం పోటీ పెట్టింది. ఎదురుగా బెల్జియం నుంచి లియోన్ నాగాంట్. అసలు చిక్కు తూటాతోనే. దాని అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మ్యాగజీన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకి తగులుకుంటే బోల్ట్ ఇరుక్కుపోతుంది. మోసిన్ ఒక చిన్న ఉక్కు పలకతో దీన్ని తేల్చేశాడు. పైది గొట్టంలోకి వెళ్తున్నంతసేపూ ఆ పలక రెండోదాన్ని కిందకి నొక్కి ఉంచుతుంది. నాకు మాత్రం రైఫిల్ మొత్తంలో అందమైన భాగం అదే.

1891లో మోసిన్ డిజైన్‌నే తీసుకున్నారు, కానీ క్లిప్పుతో తూటాలు నింపే పద్ధతి లాంటివి నాగాంట్ దగ్గర్నుంచి వచ్చాయి. కమిషన్ సభ్యుల చేయి కూడా పడింది కాబట్టి ఎవరి పేరూ వద్దన్నారు. '1891 నమూనా మూడు లైన్ల రైఫిల్' అని రాసేశారు. లైన్ అంటే అంగుళంలో పదో వంతు, మూడు కలిస్తే 7.62 మిల్లీమీటర్లు. ఓడిన నాగాంట్‌కి 2,00,000 రూబుళ్ళు, గెలిచిన మోసిన్‌కి 30,000. గ్రూప్ ప్రాజెక్టు చేసినవాళ్ళకి ఈ లెక్క వివరించక్కర్లేదు.

అయినా ఆ ఏడాదే వర్వారాతో పెళ్ళయింది. 1894లో సెస్ట్రొరెత్స్క్ కర్మాగారానికి అధిపతిగా వెళ్ళాడు. 1902లో న్యుమోనియాతో అక్కడే పోయాడు, అప్పటికి మేజర్ జనరల్.

మరో రెండేళ్ళకి జపాన్‌తో యుద్ధం, ఆపైన రెండు ప్రపంచ యుద్ధాలు. అన్నిట్లోనూ రష్యన్ సైనికుడి చేతిలో ఇదే. 1939 చలికాలంలో ఫిన్లాండ్ మీదకి వెళ్ళిన సోవియట్ సైనికులు ఈ తుపాకే పట్టుకెళ్ళారు. ఎదురుగా మంచులో పడుకున్న సిమో హైహా చేతిలోనూ దీని ఫిన్నిష్ రకమే ఉంది. మోసిన్ పేరు రైఫిల్‌కి అధికారికంగా చేరింది విప్లవం తర్వాతే. నాగాంట్ పేరు తగిలించింది పాశ్చాత్యులు. రష్యన్లయితే ముద్దుగా మోసిన్కా అంటారు.