డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

మానవ శరీరమును గూర్చి తెలిసికొనుటకు రెండు మార్గములు కలవు. మొదటిది గ్రంథ పఠనము. రెండవది ప్రత్యక్ష పరిశీలనము. వీనిలో ఒకటి లేనిదే రెండవది ఫలింపదు. ఈ సత్యమును మన పూర్వులు చక్కగా ఎరిగియుండిరి. సుశ్రుతాచార్యుడు తన సంహితయందు శరీరమును పరీక్షించు విధానమును వివరించియున్నాడు. శవమును గడ్డితో చుట్టి, పంజరమునందుంచి, ప్రవహించు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట కుంచె వంటి సాధనముతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలు లోపలి అవయవముల వరకు ఒక్కొక్క పొరనే కన్నులార చూడవలెనని ఆయన విధించెను. కాలక్రమమున ఆ యలవాటు మన దేశమున సన్నగిల్లెను. 1836వ సంవత్సరమున కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన గుప్తుడను ఆయుర్వేద పండితుడు సంఘపు కట్టుబాటును లక్ష్యపెట్టక శవచ్ఛేదనము గావించి, ఆ విద్యకు మరల ద్వారము తెరచెను.

ఆ ద్వారమున ప్రవేశించి, ప్రయోగశాలనే తపోవనముగ జేసికొని, లోకమునకు మహోపకార మొనర్చిన ఆంధ్రుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి మండలమందలి భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాలుగవవాడు. అనారోగ్యము వలన తండ్రి ముందుగనే కొలువు విడువవలసి వచ్చెను. ఇంట సంపద లేకున్నను, పిల్లలు చదువుకొని తీరవలెనను పట్టుదల మాత్రము వెంకమ్మకు మెండుగ నుండెను.

బాల్యమున సుబ్బారావు చదువునందు అంత శ్రద్ధ చూపినవాడు కాడు. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెను. పెద్దలు వెదకి తెచ్చి మరల బడిలో ప్రవేశపెట్టిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ పర్యాయము మదరాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణుడయ్యెను. ఓటమికి క్రుంగక తిరిగి ప్రయత్నించు గుణము ఆయనకు అప్పుడే అలవడెను. ఆ గుణమే తరువాత ప్రయోగశాలలో ఆయనకు పెట్టుబడి అయ్యెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో సుబ్బారావు మనస్సు వైరాగ్యము వైపు మరలెను. రామకృష్ణ మఠమున జేరి సన్యసింపగోరెను. తల్లి అందులకు సమ్మతింపలేదు. సన్యాసి కాజాలని ఆ యువకుడు, వైద్యుడై దీనులకు సేవ చేయుటయే తగిన మార్గమని నిశ్చయించుకొని మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆయన చదువునకు ధన సహాయము చేసిరి. వారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు 1919లో వివాహమాడెను.

వైద్య కళాశాలలో ప్రవేశించిన విద్యార్థి మొట్టమొదట అభ్యసింపవలసినవి శరీర నిర్మాణ శాస్త్రము, శరీర ధర్మ శాస్త్రము. మొదటిది ఏ యవయవము ఎచ్చట నున్నదో తెలుపును. రెండవది అది ఎట్లు పని చేయుచున్నదో తెలుపును. ఈ విద్య నేర్పు శాలలకు కొన్ని నియమములు కలవు. విద్యార్థి వేళకు రావలెను. శుభ్రమైన పై యంగీ ధరింపవలెను. పరికరములను వాడిన పిదప కడిగి యథాస్థానమున ఉంచవలెను. బల్లపై నున్న మృతదేహమును చూచి పరిహాసమాడరాదు. అదియు ఒకనాడు మనవంటి మనుష్యుడే అని మరువరాదు. చూచిన దానిని చూచినట్లే చిత్రించి, ఆనాడే పుస్తకమున వ్రాసికొనవలెను. పక్కవాని పుస్తకము చూచి ఎక్కింపరాదు. పొరపాటు జరిగినచో దాచక గురువునకు తెలుపవలెను. ఈ నియమములు చూచుటకు చిన్నవి. కాని రేపు రోగి ప్రాణము ఎవని చేతిలో నుండునో, వాని చేతిని, కన్నును, మనస్సును ఇవియే తీర్చిదిద్దును.

ఇట్టి క్రమశిక్షణకు సుబ్బారావు ఎన్నడును వెనుదీయలేదు. అయినను ఒక నియమము విషయమున ఆయనకు చిక్కు వచ్చెను. అవి గాంధీ మహాత్ముని పిలుపుపై దేశమంతటను విదేశ వస్త్ర బహిష్కారము సాగుచున్న దినములు. సుబ్బారావు ఖద్దరు ధరించెను. శస్త్రచికిత్స శాలకు సైతము ఖద్దరు అంగీతోనే పోయెను. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయ ఆచార్యునకు ఇది కోపకారణమయ్యెను. వైద్యుని అంగీ శుభ్రముగ నుండవలెననుట రోగి క్షేమమునకై యేర్పడిన నియమము. అది ఏ దేశపు మగ్గముపై నేసినది కావలెనను పట్టింపునకు రోగి క్షేమముతో సంబంధము లేదు. ఈ భేదమును గ్రహించియే సుబ్బారావు తన పట్టు విడువలేదు. అందులకు మూల్యమును కూడ చెల్లించెను. వ్రాత పరీక్షలలో చక్కగా నెగ్గినను, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగమునకు చేసిన యత్నమును విఫలమయ్యెను.

ఇంతలో ఆ కుటుంబముపై మరియొక పిడుగు పడెను. సుబ్బారావు సోదరులిద్దరు, పురుషోత్తము, కృష్ణమూర్తి, ఉష్ణదేశములయందు కలుగు స్ప్రూ అను గ్రహణి వ్యాధితో కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. తిన్న ఆహారము వంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు నానాటికి కృశించి పోవుటయే ఆ వ్యాధి స్వభావము. ఆనాటి వైద్యులకు దానికి మందు తెలియదు. సుబ్బారావు తాను చదివిన చదువంతయు తోబుట్టువుల నిద్దరిని కాపాడలేకపోయెనని మిక్కిలి పరితపించెను. పిమ్మట అదే వ్యాధి తనకును సోకగా, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స వలన ఆయన బ్రతికి బయటపడెను.

లక్ష్మీపతి గారి ఆధ్వర్యమున మదరాసులో ఆయుర్వేద కళాశాల యొకటి నడచుచుండెను. సుబ్బారావు అందు శరీర నిర్మాణ శాస్త్రమునకు ఉపన్యాసకుడుగ చేరెను. పాశ్చాత్య వైద్యము నభ్యసించిన యువకుడు ఆయుర్వేద విద్యార్థులకు దేహ నిర్మాణమును బోధించుట విశేషము. ఏ వైద్య పద్ధతికైనను శరీర మొక్కటియే కదా! అచ్చట నున్నప్పుడే ఆయుర్వేద ఔషధముల గుణములను ఆధునిక పద్ధతిలో శోధింపవలెనను కోరిక ఆయనకు కలిగెను. ఆ శోధనకు తగిన శిక్షణ అమెరికాలో లభించునని తెలిసి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు ఇచ్చిన మాట, మామగారు కూర్చిన ధనము ఆధారముగ ఆయన సముద్రము దాటి బోస్టను నగరము చేరెను.

హార్వర్డు ఉష్ణమండల వైద్య విద్యాలయమున ఆయనకు ప్రవేశము దొరకెను గాని విద్యార్థి వేతనము దొరకలేదు. పగలు చదువుచు, రాత్రులందు ఒక ఆసుపత్రిలో సేవకుడుగ కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచుచు పొట్ట పోసికొనెను. వైద్య పట్టము పొందినవాడనను అభిమానము ఆయనకు అడ్డు రాలేదు. 1924లో డిప్లొమా పొంది, హార్వర్డు వైద్య విద్యాలయపు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని కడ చేరెను.

అప్పుడు ఫిస్కే రక్తమునందును, కండరములందును గల భాస్వరమును కొలుచుటకు సులభమైన పద్ధతికై శ్రమించుచుండెను. గురుశిష్యులు కలసి దానిని సాధించి 1925లో ప్రకటించిరి. రక్తములోని మాంసకృత్తులను ఒక ఆమ్లముతో విరిచి వడగట్టి, ఆ తేటకు అమోనియం మాలిబ్డేటును, మరియొక క్షయకరణ ద్రవ్యమును కలిపినచో నీలిరంగు పుట్టును. భాస్వరము హెచ్చుగ నున్న కొలది నీలము చిక్కనగును. భాస్వర మెంత గలదో ముందే తెలిసిన ద్రావణపు రంగుతో దీనిని పోల్చి లెక్కకట్టవచ్చును. ఫిస్కే-సుబ్బారావు పద్ధతియను పేర ఇది ప్రపంచమందలి ప్రయోగశాలలలో వ్యాపించి, ఎన్నో దశాబ్దములపాటు విద్యార్థులకు పాఠమయ్యెను.

ఈ పద్ధతితో కండరముల సారమును పరీక్షించునప్పుడు ఒక వింత కనబడెను. రంగు వెంటనే పూర్తిగ రాక, నిమిషములు గడచిన కొలది మెల్లగ చిక్కబడుచుండెను. తొందరపాటు గలవాడైనచో గాజుపాత్ర సరిగ కడుగలేదనియో, మందు పాతబడినదనియో తలచి, ఆ ఫలితమును పారవేసియుండును. లేక పుస్తకమున సరియైన అంకె ఉండవలెనని సవరించి వ్రాసియుండును. ఫిస్కే, సుబ్బారావులు అట్లు చేయలేదు. చూచిన దానిని చూచినట్లే వ్రాసికొని, మరల మరల పరీక్షించిరి. కండరములో భాస్వరము ఇంకొక పదార్థముతో పెనవేసికొని యుండి, పరీక్షలోని ఆమ్లమునకు మెల్లగ విడివడుచున్నదని తేలెను. ఆ సంయోగమే ఫాస్ఫోక్రియేటిను. కండరము పని చేయునప్పుడు అది తరుగును; విశ్రమించినప్పుడు మరల పెరుగును. ఈ విషయము 1927లో వెల్లడి యయ్యెను.

అటుపిమ్మట 1929లో, జీవకణములకు శక్తినిచ్చు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును వారు వేరుపరచిరి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే యేడు స్వతంత్రముగ దానిని కనుగొనెను. పిల్లవాడు పరుగెత్తినను, కన్ను రెప్ప వేసినను, గుండె కొట్టుకొన్నను వినియోగమగు శక్తి ఈ పదార్థమునుండియే లభించుచున్నది. ఆ కాలమున కండరము కదలుటకు లాక్టికామ్లమే మూలమని పండితులు నమ్మియుండిరి. ఆలస్యముగ చిక్కబడిన ఒక నీలిరంగు, ఆ నమ్మకమును కదలించిన కారణములలో నొకటి యయ్యెను. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావునకు డాక్టరు పట్టము నొసగెను.

ఇంత కీర్తి వచ్చినను ఆయనకు హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి లభింపలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ లో నున్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయి, త్వరలోనే పరిశోధనలకు నాయకుడయ్యెను. తోబుట్టువులను బలిగొన్న వ్యాధిని ఆయన మరువలేదు. బొంబాయి నగరమున లూసీ విల్స్ అను వైద్యురాలు పేద గర్భిణుల రక్తహీనతకు ఈస్టు సారము మందగునని అంతకు ముందే చూపియుండెను. ఆ సారములోని గుణమునకు కారణమైన పదార్థమే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దానిని వేరుపరచి, 1945లో కృత్రిమముగ తయారుచేసినట్లు ప్రకటించిరి. ఆ ప్రకటనలో నాయకుని పేరు మొదట లేదు. సహచరుల నడుమ అక్షర క్రమమున నిలిచియున్నది. స్ప్రూ రోగులకు ఆ మందు ప్రాణదానము చేసెను. తన సోదరులకు అందని ఔషధము ఇతరుల సోదరులకు అందెను.

సుబ్బారావు అంతటితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనిని అడ్డగించు పదార్థములను ఆయన బృందము తయారుచేసెను. బోస్టనులోని సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు అందొకటియైన అమినోప్టెరినును రక్త క్యాన్సరుతో బాధపడు పిల్లలకిచ్చి, వ్యాధి కొంతకాలము వెనుకంజ వేయుటను 1948లో లోకమునకు చూపెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. బోదకాలు వ్యాధికి మందైన హెట్రజాను లెడర్లీ ప్రయోగశాలలలోనే వెలువడెను. డెబ్బది యేండ్లు దాటిన బెంజమిన్ డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు ఆ సంస్థలోనే మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిను అను ఔషధమును కనుగొనెను.

ఈ విజయముల వెనుక విషాదము కూడ కలదు. స్వదేశమున పుట్టిన కుమారుడు తండ్రి ముఖము చూడకయే శైశవమున మరణించెను. భర్త రాకకై శేషగిరమ్మ ఏండ్ల తరబడి ఎదురుచూచెను. ఒక పరిశోధన ముగియకముందే మరియొకటి ఆయనను కట్టివేయుటచే సుబ్బారావు మాతృదేశమునకు మరలి రాలేకపోయెను. లోకమునకు ఉపకరించిన ఆ దీక్షకు ఆ యిల్లాలు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. 1948 ఆగస్టు నెలలో, ఏబది మూడేండ్ల వయసున, ఆయన నిద్రలోనే గుండె యాగి కన్నుమూసెను.

జీవించియుండగా ఆయనకు గొప్ప బహుమతులేవియు రాలేదు. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలా బిళ్ల వెలువరించెను. అంతకన్న మిన్నయైన స్మారకము వేరొకటి కలదు. గోదావరి డెల్టాయందలి భీమవరము మొదలు నల్లమల యంచుననున్న అచ్చంపేట వరకు, ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునందైనను గర్భిణికి ఇనుముతో కూడిన ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిచ్చుచున్నారు. దానిని మ్రింగు తల్లికి సుబ్బారావు పేరు తెలియకపోవచ్చును. ఆమె రక్తము మాత్రము ఆయన శ్రమ ఫలమును పొందుచున్నది.

విద్యార్థులు ప్రయోగశాలలో అడుగుపెట్టునప్పుడు ఆ నీలిరంగును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అనుకొన్నది కనబడనప్పుడు అంకెలను దిద్దక, కనబడిన దానిని నిజాయితీతో వ్రాసికొనుటయే శాస్త్రమునకు తొలిమెట్టు. పరీక్షలో రెండుసార్లు తప్పిన బాలుడు ఆ మెట్టుపై నిలిచియే ప్రపంచమునకు ప్రాణదాత యయ్యెను.