పావులూరి మల్లన – గోళగణితము

ఆంధ్ర వాఙ్మయ చరిత్రమున 11వ శతాబ్దము మిక్కిలి గణింపఁదగినది. తూర్పు చాళుక్య ప్రభువగు రాజరాజ నరేంద్రుఁడు రాజమహేంద్రవరమున కొలువుదీరియుండఁగా నన్నయభట్టారకుఁడు మహాభారతమును తెనిఁగింప నారంభించెను. ఆ యుగమునకే చెందిన మఱియొక మహనీయుని నామము భారతకర్త నామమువలె ఇంటింట వినఁబడదు. కాని లెక్కలు నేర్చినవారి నోట అది తరతరములుగ నిలిచినది. ఆ మహనీయుఁడే పావులూరి మల్లన.

మల్లన వంశమువారు కమ్మనాటిలోని పావులూరికి ప్రభువులు. ఆ గ్రామము నేఁటి బాపట్ల జిల్లాలో నున్నది. తండ్రి శివన్న, తల్లి గౌరమ్మ. తాత పేరును మల్లనయే. రాజరాజ నరేంద్రుఁడు పీఠాపురమునకు సమీపమునఁ గల నవఖండవాడ గ్రామమును ఈ వంశమునకు దానముగ నొసఁగెను. గణితమును రచించినది తాతయా, మనుమఁడా యని పండితులు నేఁటికిని వాదించుచునే యున్నారు. ఎవ్వరైనను, ఆ రచన తెలుఁగున వెలసిన మొదటి గణితగ్రంథమన్న కీర్తికిఁ గొఱఁత లేదు.

దానికి మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. ఆయన జైనుఁడు; 9వ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమువాఁడు. గ్రంథము సంస్కృతమున నుండుటచే, ఆ భాష నెఱిఁగినవారికే అందులోని సూత్రములు దక్కుచుండెను. తక్కినవారికి కొలిచినవాఁడు చెప్పినదే కొలత, లెక్కించినవాఁడు చెప్పినదే లెక్క. ధాన్యము కొలిపించుకొను రైతునకు, చెఱువు త్రవ్వు కూలివానికి ఇది చిన్న కష్టము కాదు. లెక్క తెలియనివాఁడు తనకు జరిగిన అన్యాయమునైనను గుర్తింపఁజాలఁడు గదా!

మల్లన ఆ విద్యను తెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చి సారసంగ్రహ గణితమని పేరిడెను. లోకులు దానిని పావులూరి గణితమనిరి. మూలమునఁ గల జైనసంప్రదాయపు ఉదాహరణములకు బదులుగ, తెలుఁగువారికిఁ బరిచితమగు శైవసంప్రదాయపు ఉదాహరణములను ఆయన చేర్చెను. చదరంగపు 64 గళ్ళలో మొదటి గడియందు ఒక గింజ యుంచి, గడిగడికి రెట్టించుచుఁ బోయిన మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 అగునని చెప్పు పద్యము ఆయన పేర ప్రసిద్ధము. అంకెలకు బదులు శరము, శశి మున్నగు పదములను కుడినుండి ఎడమకు పేర్చిన ఆ పద్యము కంఠస్థమైనచో, అంత పెద్ద సంఖ్యయును నాలుకపై నిలుచును.

మల్లన చేపట్టిన ఆ మూలగ్రంథమునందే గోళ ఘనఫలమునకు సూత్రము కలదు. మహావీరుఁడు దానిని రెండు విధములఁ జెప్పెను. వ్యాసార్ధపు ఘనములో సగమును 9 చే గుణించిన వచ్చునది వ్యావహారిక ఫలము. దానిని మరల 9 చే గుణించి 10 చే భాగించిన వచ్చునది సూక్ష్మ ఫలము. ఒకటి పనికి, మఱియొకటి పరీక్షకు.

21 అంగుళముల వ్యాసము గల గుండును ఉదాహరణముగఁ గొందము. వ్యావహారికమున ఘనఫలము సుమారు 5,209 ఘనాంగుళములు. సూక్ష్మమున సుమారు 4,688. నేఁటి గణితము ననుసరించి అది సుమారు 4,849. కావున మొదటిది 360 హెచ్చు, రెండవది 161 తక్కువ. సూక్ష్మము సత్యమునకు దగ్గఱయేగాని సత్యమే కాదు. ఇట్లనుట పూర్వులను తక్కువచేయుట కాదు. పెద్దలు చెప్పిన లెక్కను మరల వేసి చూచుటయే వారికిఁ జేయు నిజమైన గౌరవము.

12వ శతాబ్దమున భాస్కరాచార్యుఁడు ఈ లోపమును చాలవఱకు దీర్చెను. వ్యాసపు ఘనములో సగము తీసి, అందు 21వ వంతును దానికే కలుపుమని ఆయన విధి. అనఁగా వ్యాసఘనములో 21 పాళ్ళకు 11 పాళ్ళు. 21 యొక్క ఘనము 9,261. దానిని 21 చే భాగించి 11 చే గుణించిన 4,851 వచ్చును.

ఈ ఫలమునకే వేఱువేఱు రూపములు కలవు. పరిధి వ్యాసమునకు 7 కి 22 వంతున నుండునని కొన్నచో, వ్యాసార్ధపు ఘనమును 22/7 చేతను, పిమ్మట 4/3 చేతను గుణించినను 4,851 యే. గోళపు పైతలము 1,386 చదరపు అంగుళములు. దానిని వ్యాసముతో గుణించి 6 చే భాగించినను అదియే. గోళము సరిగా నిమిడిన స్తూపపు ఘనఫలములో మూఁట రెండు వంతులు తీసినను అదియే. ఈ చివరిది క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమున గ్రీకు దేశీయుఁడగు ఆర్కిమిడీసు కనుగొన్నది. గుండు నడుమ వ్యాసము కొలుచుట కష్టమైనచో త్రాడు చుట్టి చూడవచ్చును. చుట్టుకొలత 66 అంగుళములు. దాని ఘనమును 59¼ చే భాగించిన సుమారు 4,852 వచ్చును. త్రోవలు పెక్కు; చేరు ఊరొక్కటే. చేతిలో నున్న కొలత యేదో దానికిఁ దగిన రూపము నేరుకొనుటయే బుద్ధిమంతుని లక్షణము.

గ్రామపు లెక్కలు వ్రాయుటయే జీవనముగాఁ గల నాబోఁటివారికి మల్లన కులగురువువంటివాఁడు. కరణీకములు 1984వ సంవత్సరమున రద్దయినవి. గొలుసులును కుంచములును మూలఁబడినవి. కాని లెక్క తెలియనివాఁడు మోసపోవుట మాత్రము నేఁటికిని మానలేదు. కావున మల్లన చేసిన పని తీఱిపోలేదు. శాస్త్రమును పండితుని పెట్టెనుండి వెలికిఁదీసి, పామరుని భాషలో పామరుని చేతికిచ్చుటయే ఆ పని. గ్రంథాలయములు చేయుచున్న పనియు నదియే. పావులూరికి దూరము కాని వేటపాలెమున 1918లో స్థాపితమైన సారస్వత నికేతనము దానికి నిదర్శనము.

ఇరువది యైదేండ్లుగ మన గ్రామమున ఈ దీపము నారకుండఁ గాపాడిన చందాదారులు తమ బిడ్డలను కథల పుస్తకములతోపాటు గణితగ్రంథముల చెంతకును గొనిపోవుదురు గాక. గోళపు లెక్క కట్టనేర్చిన బాలుఁడు రేపు తన పంటలెక్కను తానే సరిచూచుకొనఁగలఁడు.