ముద్రాపకుడు జాన్ పీటర్ జెంగరు

జర్మనీ నైరృతి భాగమున, రైను నదీతీరమున పాలటినేటు అను సీమ కలదు. పదునేడవ శతాబ్దాంతమునుండి ఫ్రెంచి సైన్యములు ఆ సీమను పలుమార్లు కొల్లగొట్టినవి. దానికి తోడు 1709 సంవత్సరపు చలికాలము మిక్కిలి కఠినమై, ద్రాక్షతోటలు మంచునకు మాడిపోయినవి. వేలకొలది జనులు ఇల్లువాకిళ్లు విడిచి ఇంగ్లండు చేరిరి. ఆనీ రాణి ప్రభుత్వము వారిలో సుమారు 3,000 మందిని 1710లో ఓడలమీద న్యూయార్కు వలసరాజ్యమునకు పంపెను.

1697లో జన్మించిన జాన్ పీటర్ జెంగరు అప్పటికి పదుమూడేండ్ల బాలుడు. తలిదండ్రులతోను, చెల్లెలితోను, తమ్మునితోను ఆ ఓడలలో నొకదాని నెక్కెను. దారిలో జ్వరములు వ్యాపించి నాలుగువందలకు పైగా ప్రయాణికులు మరణించిరి. జెంగరు తండ్రియు వారిలో నొకడు. తల్లి జొహన్నా ముగ్గురు బిడ్డలతో ఎరుగని రేవున దిగెను.

దిక్కులేని వలస పిల్లలను గవర్నరు హంటరు చేతిపనులవారి యొద్ద పనికి కుదిర్చెను. ఆ విధముగా జెంగరు విలియం బ్రాడ్‌ఫర్డు అను ముద్రాపకుని యొద్ద ఎనిమిదేండ్ల శిష్యరికమునకు చేరెను. నాడు న్యూయార్కులో నున్న ముద్రాక్షరశాల అదియొక్కటే. సీసపు అక్షరములు అద్దములోని బింబమువలె కుడియెడమలు తారుమారుగా నుండును. ఇంట జర్మను మాటలాడు బాలుడు ఇంగ్లీషును అట్లు తిరుగవేసిన రూపమున, ఒక్కొక్క అక్షరమును చేతితో తడవి నేర్చుకొనవలసి వచ్చెను. ఆ భాష అతనికి కడవరకు పూర్తిగా వశపడలేదు. ఇంట నొక భాష, వీథిలో వేరొక భాషగా పెరుగుచున్న మన విద్యార్థులకు ఈ కష్టమును వివరింప నక్కరలేదు.

శిష్యరికము ముగిసిన పిమ్మట 1719లో అతడు మేరీ వైటును వివాహమాడి మేరీలాండునకు పోయెను. ఒక కుమారుడు కలిగెను. కొలది కాలమునకే భార్య గతించెను. జెంగరు న్యూయార్కునకు మరలి వచ్చి 1722లో అన్నా కాథరీనాను పెండ్లాడెను. ఆమెయు జర్మనీనుండి వలసవచ్చినదే. 1726లో అతడు సొంత ముద్రాక్షరశాలను స్థాపించెను. ప్రభుత్వపు పనియంతయు బ్రాడ్‌ఫర్డు చేతిలో నుండుటచే జెంగరునకు డచ్చి భాషలోని మతగ్రంథములు, చిల్లర పుస్తకములు మాత్రమే దొరకుచుండెను. 1730లో పీటర్ వెనెమా డచ్చి భాషలో వ్రాసిన అంకగణితమును అచ్చువేసెను. బిడ్డలు పెరుగుచుండిరి గాని రాబడి పెరుగలేదు.

1732లో విలియం కాస్బీ గవర్నరుగా వచ్చెను. తాను రాకపూర్వము ఆ పదవిని నిర్వహించిన వాన్‌డాము పొందిన జీతములో సగము తనకు చెందవలెనని అతడు వ్యాజ్యము తెచ్చెను. జూరీ లేకుండ విచారణ జరిపించుటకు యత్నింపగా, ప్రధాన న్యాయాధిపతి లూయీ మారిస్ అందుకు సమ్మతింపలేదు. కాస్బీ 1733లో ఆయనను తొలగించి డిలాన్సీ అను యువకుని నియమించెను. బ్రాడ్‌ఫర్డు పత్రిక గవర్నరు పక్షమున నున్నందున, మారిస్ పక్షమువారు వేరొక ముద్రాపకుని వెదకి జెంగరు వాకిట నిలిచిరి.

1733 నవంబరు 5వ తేదీన న్యూయార్క్ వీక్లీ జర్నల్ వెలువడెను. వ్యాసములను నడపిన మేధావి జేమ్స్ అలెగ్జాండరు అను న్యాయవాది. కాని పత్రికపై అతని పేరు లేదు. ఉన్నది ముద్రాపకుని పేరు మాత్రమే. తప్పిపోయిన కుక్క, గొలుసు తెంచుకొన్న కోతి మొదలగు దొంగ ప్రకటనలతో గవర్నరు అనుచరులను అది ఎగతాళి చేయుచుండెను. రచయితలను పట్టియిచ్చినవారికి గవర్నరు 50 పౌనుల బహుమానము ప్రకటించెను. జెంగరు నోరు విప్పలేదు. నేరారోపణము చేయుటకు గ్రాండుజూరీవారు ఒప్పుకొనలేదు. నాలుగు సంచికలను బహిరంగముగ తగులబెట్టవలెనని ఆజ్ఞ వెలువడగా నగరాధికారులు దగ్గర నిలుచుటకైనను ఒప్పుకొనలేదు. తుదకు షెరీఫుగారి బానిసచేత ఆ పని చేయించిరి.

1734 నవంబరు 17న జెంగరును బంధించిరి. జామీను 400 పౌనులు, దానిపై ఇరువురు పూచీదారులు చెరియొక 200 పౌనులు. పనిముట్లు, కట్టుబట్టలు మినహా తన ఆస్తి 40 పౌనులైనను చేయదని అతడు ప్రమాణపూర్వకముగ చెప్పుకొనెను. వెనుకనున్న ధనవంతులు ఆ సొమ్ము కట్టలేకపోయిరా? కట్టగలిగియు, చెఱలోనున్న ముద్రాపకుడే తమ పక్షమునకు ఎక్కువ బలమని ఊరకుండిరని కొందరు చరిత్రకారుల అనుమానము. నాకును అదియే నిజమని తోచుచున్నది.

మరునాడు వెలువడవలసిన సంచిక రాలేదు. ఆ ఒక్క వారమే పత్రిక నిలిచినది. మొదట కాగితము, కలము గాని, మనుష్యులతో మాటగాని లేకుండ చేసిరి. పిదప తలుపునందలి రంధ్రముగుండ భార్యతోను పనివారితోను మాటలాడుటకు అనుమతించిరి. అన్నా కాథరీనా ఆ రంధ్రమునొద్ద నిలిచి భర్త చెప్పిన పనులను విని ఇంటికి పోయి ముద్రాక్షరశాలను నడపెను. బిడ్డల పోషణయు ఆమెయే చూచుకొనవలసివచ్చెను. దాదాపు తొమ్మిది నెలలు పత్రిక వారము తప్పక వెలువడెను. వ్రాసినవారి ప్రజ్ఞ, వాదించినవారి వాగ్ధాటి గ్రంథములలో విరివిగా వర్ణింపబడినవి. ఈ స్త్రీ చేసిన పనికి ఒకటి రెండు పంక్తులకు మించి చోటు దొరకుట అరుదు.

1735 ఏప్రిలులో జెంగరు పక్షమున నిలిచిన అలెగ్జాండరు, స్మిత్తు అను న్యాయవాదుల పేర్లను డిలాన్సీ పట్టికనుండి తొలగించెను. ఆగస్టు 4న విచారణ జరిగినపుడు ఫిలడెల్ఫియానుండి ఆండ్రూ హామిల్టను అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చెను. నాటి ఇంగ్లీషు న్యాయము ప్రకారము ప్రభుత్వమును నిందించు వ్రాత సత్యమైనను నేరమే. అచ్చువేసినది ముద్దాయియా కాదా యనునంత వరకే జూరీవారి పని. వ్రాత నేరమగునో కాదో న్యాయాధిపతులు నిర్ణయింతురు. హామిల్టను అచ్చువేసిన మాట నిజమేనని మొదటనే ఒప్పుకొని, వ్రాసినది అసత్యమని నిరూపింపుడని కోరెను. సత్యమును సాక్ష్యముతో స్థాపించుటకు డిలాన్సీ అనుమతింపలేదు. అప్పుడు హామిల్టను జూరీలోని పన్నిద్దరివైపు తిరిగి, ఊరివారైన వారికే అంతయు తెలియునని వాదించెను. వారు కొంచెము సేపు ఆలోచించి జెంగరు నిర్దోషి యని చెప్పిరి. జనుల జయధ్వానములు మిన్నుముట్టినవి.

ఆ రాత్రి పౌరులు హామిల్టనునకు విందు చేసిరి; పిమ్మట నగరము బంగారు పెట్టెలో గౌరవపత్రము నిచ్చెను. జెంగరు ఆ రాత్రియు చెఱసాలలోనే గడిపి మరునాడు విడుదలయ్యెను. ఈ తీర్పుచే శాసనము మారలేదు. సత్యమును ప్రతివాదముగా అంగీకరించు చట్టము న్యూయార్కులో 1805లో గాని రాలేదు. కాని ఇట్టి నేరమునకు అమెరికా జూరీలచేత శిక్ష వేయించుట కష్టమని గవర్నరులు గ్రహించిరి.

1736లో కాస్బీ మరణించెను. ఆ యేటనే జెంగరు తన విచారణ వృత్తాంతమును అచ్చువేయగా అది లండనులోను పలుమార్లు ముద్రింపబడెను. 1737లో న్యూయార్కునకును, మరుసటి యేట న్యూజెర్సీకిని అతడు ప్రభుత్వ ముద్రాపకుడయ్యెను. 1746 జూలై 28న, భార్యను ఆరుగురు బిడ్డలను విడిచి మరణించెను. అన్నా కాథరీనా మరల ముద్రాక్షరశాల బాధ్యత వహించి 1748 వరకు పత్రికను నడపెను. పిమ్మట మొదటి భార్య కుమారుడైన జాన్ దానిని చేపట్టెను. 1751లో ఆ పత్రిక నిలిచిపోయెను.